నాలుగో నంబరులో దీవులు లేవు

జనవరి 6

పిచ్చుకకు,

అక్క ఆశీస్సులు. నేనూ మీ బావా ఎక్కడివాళ్లం అక్కడే ఉన్నాం.

నీ కొత్త కాలేజీలో స్లైడ్లన్నీ రంగు వెలిసిపోయాయని రాశావు. మా ప్రొఫెసరు గారి అనుమతి తీసుకుని ఒక పెట్టె తయారుచేశాను. జీర్ణ గ్రంథులు అయిదు రకాలు, రకానికి పాతిక. పార్సిలు రేపు బయల్దేరుతుంది. గాజు పగలకుండా మీ బావ తన దిండు చింపి ఆ దూది కుక్కారు.

నా పద్ధతి నీకు తెలుసు. స్లైడు మీద అవయవం పేరు రాయను, నంబరే వేస్తాను. పేరు చదివితే కన్ను చూడటం మానేస్తుంది. జాబితా ఇది, దాచుకో. ఒకటి, చెవి కింది లాలాజల గ్రంథి, మీరు పెరోటిడ్ అంటారే అది. రెండు, దవడ కింది గ్రంథి. మూడు, కాలేయం. నాలుగు, క్లోమం. అయిదు, జీర్ణాశయం గోడలోని గ్రంథులు.

ఇదే నా చివరి పెట్టె. మార్చి నెలాఖరుకు రిటైరవుతున్నాను. ముప్పై ఒక్కేళ్లుగా ఈ స్లైడ్ల కోసం మైనం దిమ్మలు కోస్తున్నాను. ప్రతి దిమ్మనూ మిషనుకు బిగించే ముందు, అందులోని ముక్క ఎవరి ఒంటిదో వాళ్ల కోసం దేవుడికి ఒక మాట చెప్పుకుంటాను. ఈ అయిదింటికీ చెప్పుకున్నాను. నువ్వూ కన్ను పెట్టే ముందు ఒక్క క్షణం ఆగు.

ఫోన్ చెయ్యకు. ఇక్కడి ఫోన్ ప్రొఫెసరు గారి టేబుల్ మీద ఉంది. నీ గొంతు గదంతా పరుచుకుంటుంది.

ప్రార్థనలో నిన్ను తలుచుకుంటూ,
అక్క


జనవరి 17

అక్కా,

కాళ్లకు దణ్ణం పెట్టాననుకుని ముందు కూర్చో. నిలబడి చదివితే నీకూ నాలాగే తల తిరుగుతుంది.

పెట్టె నిన్న చేరింది. నూట పాతికలో ఒక్కటీ పగల్లేదు. బావగారి దిండు చల్లగా ఉండాలి! మా ల్యాబు నువ్వు చూడలేదు కదా. సైకిల్ స్టాండు వైపు రెండు కిటికీలు, పన్నెండు మైక్రోస్కోపులు. అందులో రెండు అలంకారానికే. మూల కుళాయి రోజంతా నాతో కబుర్లు చెబుతుంది. తలుపేసి, ఒక్క క్షణం ఆగి (ఆగాను, ఒట్టు), ఒక్కో నంబరూ పెట్టి చూశాను.

అయిదో నంబరులో ఆమ్లం చేసే గులాబీ కణాలు చొక్కా గుండీల్లా వరసగా ఉన్నాయి. రెండో నంబరులో కణాల అర్ధచంద్రాలు ఎంత స్పష్టంగా ఉన్నాయో! మూడు చూస్తే కాలేయం మీద గౌరవం పెరిగింది. ఒకటో నంబరు పెరోటిడ్, గోడల్లో సన్నని గీతలుండే ఆ గీతల నాళాలతో సహా పుస్తకంలో బొమ్మలా ఉంది. నాలుగో నంబరు దగ్గర బండి ఆగిపోయింది.

అక్కా, అందులో దీవులు లేవు.

నేను చదువులో చేరిన ఏడు వంటింట్లో పళ్లెం నిండా పిండి పరిచి, వేలితో అక్కడక్కడా తుడిచి చూపించావు. "పెరోటిడూ క్లోమమూ కవల పిల్లల్లా ఉంటాయే. రెండింట్లోనూ ఇవే ద్రాక్ష గుత్తులు. మధ్యలో ఇలా లేత రంగు దీవి కనిపిస్తే క్లోమం. రక్తంలో చక్కెర సంగతి చూసుకునేది ఆ దీవే" అన్నావు. నేను పరీక్ష పాసయింది ఆ పిండి పళ్లెంతో. ఇప్పుడు పిల్లలకు చెబుతున్నదీ అదే.

నాలుగో నంబరు పాతికా చూశాను. పొద్దున మొదలుపెడితే భోజనాల గంట కూడా వినిపించలేదు. అన్నీ గుత్తులే, దీవి లేదు. ఒకటీ నాలుగూ తారుమారయ్యాయేమోనని మళ్లీ ఒకటి పాతికా చూశాను. వాటిలోనూ లేవు. అంటే రెండూ పెరోటిడేనా? మరి క్లోమం ఏది? దారిలో దిగిపోయిందా?

ఫిబ్రవరి 5న ప్రాక్టికల్ పరీక్ష. వరసగా పది మైక్రోస్కోపులు పెడతాం, గంట కొట్టేలోపు ఒక్కోదాంట్లో ఏముందో రాయాలి. పది మార్కులు, అయిదొస్తే పాసు. ఈ పిల్లల్లో ఒకమ్మాయికి ఇది మూడోసారి. అందరూ "మూడోసారమ్మాయి" అనే పిలుస్తారు, పాపం ఆమె కూడా పలుకుతుంది. ఈసారి తప్పితే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు. రోజూ అందరూ వెళ్లాక కిటికీ పక్క మైక్రోస్కోపు దగ్గర కూర్చునే ఉంటుంది.

వెంటనే జవాబు రాయి. రెండు ముక్కలైనా చాలు, ఎలాగూ నువ్వు రాసేవి రెండే.

నీ పిచ్చుక


జనవరి 19

పిచ్చుకకు,

అక్క ఆశీస్సులు. నీ దగ్గర్నుంచి ఇంకా కబురు లేదు. పెట్టె చేరే ఉంటుందని అనుకుంటున్నాను.

మొన్న ఒక మాట రాయడం మరిచాను. నాలుగో నంబరు ఈసారి అంత తేలిక కాదు. ఓపిక పట్టు. మిగతాది కలిసినప్పుడు చెబుతాను.

ఇక్కడ చలి తగ్గింది. నా మిషను కత్తికి పదును పెట్టించాను. నా తరవాత వచ్చే ఆమెకు ఇబ్బంది ఉండకూడదు.

అక్క

మరదలా, ఈ కింది రెండు లైన్లు మీ అక్క చూడకుండా రాస్తున్నాను. చూడకుండా రాయడం ఇప్పుడు పెద్ద కష్టమేం కాదులే. రెండు కళ్లకూ శుక్లాలట. ఏప్రిల్లో తీస్తామన్నారు. నిన్న నేను బజారు నుంచి వచ్చి తలుపు కొడితే పాలవాడనుకుని గిన్నె పట్టుకొచ్చింది. గిన్నె తిరిగి ఇవ్వలేదు, పాలు తెచ్చాకే ఇంట్లోకి రానిచ్చింది. నీకు చెప్పొద్దంది. నేను చెప్పలేదు, రాశాను.
బావ


జనవరి 29

అక్కా,

నీ ఉత్తరం మొన్న అందింది. నాలుగుసార్లు చదివాను.

ముందు నీ కళ్ల సంగతి. బావగారి మీద కోప్పడకు. నాతో ఎందుకు చెప్పలేదని నేనూ నిన్ను కోప్పడను. నేను 17న రాసింది అందనట్టే రాశావు, అడిగినదానికి సూటిగా జవాబు చెప్పలేదు. "ఓపిక పట్టు, కలిసినప్పుడు చెబుతాను" అన్నావు. నాకు అర్థమైందిలే. ముప్పై ఒక్కేళ్లు ఒక్క దిమ్మ తారుమారు చెయ్యని దానివి, చివరి పెట్టెలో పెరోటిడ్ దిమ్మనే రెండుసార్లు కోశానని కాగితం మీద పెట్టడం ఎవరికైనా కష్టమే. తప్పు నీది కాదే అక్కా, శుక్లాలది.

ఫోన్ చేద్దామని పోస్టాఫీసు దాకా వెళ్లాను. మీ ప్రొఫెసరు గారు వింటుండగా నీ పొరపాటు గురించి ఎలా మాట్లాడను? వెనక్కి వచ్చేశాను.

మా పెద్దాయనకు, అంటే మా డిపార్టుమెంటు హెడ్డుకు, నాలుగో నంబరు చూపించాను. కళ్లజోడు నుదుటి మీదికి తోసి ఒక్క నిమిషం చూశారు. "పెరోటిడ్. మంచి పెరోటిడ్. ఎవరు చేశారు?" అన్నారు. "మా అక్క" అన్నాను. "చెయ్యి బాగుంది" అన్నారు. నాకు గర్వమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

కాబట్టి నీ జాబితాలో నాలుగు కొట్టేసి పెరోటిడ్ అని రాసుకున్నాను. పరీక్షలో ఏడో మైక్రోస్కోపు కింద దాన్నే పెడుతున్నాను. క్లోమం ఈ ఏటికి లేనట్టే. నువ్వేం బాధపడకు. ఇక్కడ ఎవరికీ చెప్పను.

నీ పిచ్చుక


ఫిబ్రవరి 3

పిచ్చుకకు,

అక్క ఆశీస్సులు. నీ 17వ తేదీ ఉత్తరం నాకు 25న అందింది. తొమ్మిది రోజులు ఆలస్యంగా జవాబు రాస్తున్నాను. నా మీద నాకు అనుమానం కలిగింది. అది తీరకుండా రాయడం ధర్మం అనిపించలేదు.

రిజిస్టరు తీసి దిమ్మ నంబరు సరిచూశాను. సరిపోయింది. ఆ ముక్క పంపిన ఆపరేషను గదికి వెళ్లి వాళ్ల పుస్తకంలోనూ చూపించుకున్నాను. సరిపోయింది. అప్పటికీ మనసు ఒప్పక, దిమ్మ మళ్లీ బిగించి కొత్తగా కోసి, మా డాక్టరమ్మ చేత చూపించాను. ఆమె పావుగంట చూసి చెప్పింది.

నాలుగో నంబరు క్లోమమే.

ఇప్పుడు నీకు చెప్పవలసింది చెబుతాను. క్లోమం పాడు కాకుండా దొరకడం అరుదు. మనిషి పోయిన కొన్ని గంటల్లోనే అది తన రసంతో తన్ను తానే అరిగించుకుంటుంది. అందుకే ఆపరేషనులో తీసిన ముక్క కోసం ఎదురుచూస్తాం. ఇరవై రెండేళ్లు నేను ఒకే దిమ్మ కోశాను. అది క్లోమం తోక వైపు ముక్క. దీవులు తోకలో ఎక్కువ. నువ్వు చదువుకున్నదీ దానితోనే. గత ఏడాది అది అయిపోయింది. ఈ కొత్త దిమ్మ తల వైపుది. అక్కడ దీవులు తక్కువ. ఉన్నవి కూడా అంచులు చెదిరి, గుత్తుల్లో కలిసిపోయి ఉంటాయి.

దీవి కోసం వెతకకు. ఒక్క గుత్తిని తీసుకుని దాని నడిమధ్యలో చూడు. లేత రంగు కేంద్రకాలు ఒకటో రెండో, ఎవరో మరిచిపోయి లోపల వదిలేసినట్టు ఉంటాయి. పెరోటిడ్‌లో అవి ఉండవు. గీతల నాళాలు పెరోటిడ్‌లో ఉంటాయి, ఇందులో ఉండవు.

5వ తేదీ పరీక్షకు ఇది అందకపోవచ్చు. అందితే సంతోషం.

అక్క


ఫిబ్రవరి 12

అక్కా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. పరీక్ష 5న అయిపోయింది.

ఏం రాయాలో తెలియడం లేదు. నేను 29న రాసింది నీకు అందిందా? అంది ఉంటే అది చించెయ్యి. కాదు, ఉంచు. నేనేమిటో నాకు తెలియాలి. నువ్వు 19న రాసింది నా ప్రశ్నకు జవాబు అనుకున్నాను. నీకు అప్పటికి నా ఉత్తరమే అందలేదని ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తోంది. రాని ప్రశ్నకు నువ్వు తప్పించుకున్నావని నీ మీద జాలిపడ్డాను!

నిన్న ల్యాబు తెరిచి నాలుగో నంబరు పెట్టాను. ఒక్క గుత్తి, నడిమధ్య. ఉన్నాయి అక్కా. లేతగా, రెండు. పక్క గుత్తిలో ఒకటి. దాని పక్కన మళ్లీ రెండు. పాతిక స్లైడ్లలోనూ, ప్రతిచోటా, నా ముఖం ముందే ఉన్నాయి. వాటి మీది నుంచి దాటుకుంటూ వెళ్లి దీవుల కోసం రోజంతా ఈదాను.

ఇప్పుడు అసలు సంగతి. నలభై ఒక్క మందిలో ముప్పై మందికి పైగా ఏడో ప్రశ్నకు "పెరోటిడ్" అని రాశారు. నేను నేర్పినట్టే రాశారు. అందరికీ టిక్కు కొట్టాను. కొందరు ఖాళీ వదిలేశారు. ఒక్క కాగితం మీద మాత్రం "క్లోమం. గుత్తుల మధ్యలో లేత కేంద్రకాలున్నాయి. గీతల నాళాలు లేవు" అని ఉంది. నిమిషంలో అంత రాయడమే గొప్ప. ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాను. పక్కన "దీవులు ఏవి?" అని కూడా రాశాను, మహా తెలిసినట్టు.

ఎవరో నీకు అర్థమయ్యే ఉంటుంది. మూడోసారమ్మాయి. పదికి నాలుగు వచ్చాయి.

మార్కుల జాబితా ఇంకా పైకి వెళ్లలేదు, నెలాఖరుకు వెళుతుంది. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఏప్రిల్లో తేలుస్తారు. పెద్దాయన కూడా పెరోటిడ్ అనే అన్నారు కదా. ఆయన దగ్గరికి వెళ్లి "మీరూ నేనూ ఇద్దరం తప్పాం" అని ఎలా అనను? ఏమీ ఎరగనట్టు ఊరుకుంటే ఎవరికీ తెలియదు. నీకూ నాకూ తప్ప. ఆమెకు తప్ప. ఆమె నిన్న కూడా కిటికీ పక్కనే కూర్చుంది. నన్ను చూసి లేచి నిలబడింది.

ఏం చెయ్యనే?

పిచ్చుక


ఫిబ్రవరి 20

పిచ్చుకకు,

అక్క ఆశీస్సులు. నీ 29వ తేదీ ఉత్తరం ఈ నెల 7న అందింది. అప్పటికి పరీక్ష అయిపోయిందని లెక్క వేసుకుని, నా ఉత్తరం నీకు అందేదాకా ఆగాను. నీ 12వ తేదీ ఉత్తరం ఇవాళ వచ్చింది. పాతది చించలేదు. నా కళ్ల గురించి నువ్వు పడిన బాధ అందులో ఉంది.

ఏం చెయ్యాలో నీకు తెలుసు. ధైర్యం కోసం అడిగావు. వెళ్లి చెప్పు. ఎవరు తప్పారని చెప్పవద్దు. స్లైడు పెట్టి, ఆయన్ను గీతల నాళం ఒక్కటి చూపించమను. తరవాత మౌనంగా ఉండు. నీకు అదే కష్టం.

తప్పులో సగం నాది. దీవి ఉంటే క్లోమం అని పిండి పళ్లెంలో నేర్పాను. దీవి లేకపోతే క్లోమం కాదని నేను అనలేదు. కానీ వేరే గుర్తు చెప్పనూ లేదు. నా దగ్గర ఉన్న దిమ్మలో ఏది తేలికగా కనిపించిందో అదే నీకు ఇచ్చాను.

ఇంకొక సంగతి. నువ్వు పూర్తిగా పొరపాటు పడలేదు. ఆ పెట్టె చేసేటప్పుడు నాకు మైక్రోస్కోపులో మంచు తప్ప ఏమీ కనిపించలేదు. చేతి అలవాటుతో కోశాను, గడియారం చూసి రంగు వేశాను, దిమ్మ నంబరును నమ్మి పంపాను. అది నీకు మొదటి ఉత్తరంలోనే చెప్పవలసింది. చెప్పి ఉంటే మొదటి రోజే ఇద్దరం కలిసి వెతికేవాళ్లం. దేవుడి ముందు ఒప్పుకున్నాను. నీ ముందు ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఉద్యోగం పోతే ఇంటికి రా. ఒక దిండు తక్కువ, మిగతావన్నీ ఉన్నాయి.

అక్క


మార్చి 4

అక్కా,

నీ ఉత్తరం 28న పొద్దున వచ్చింది. జాబితా ఆ సాయంత్రమే వెళ్లాలి. నేను అప్పటికి మూడుసార్లు పెద్దాయన గది గుమ్మం దాకా వెళ్లి, అగ్గిపెట్టె అడిగి ఒకసారి, తేదీ అడిగి ఒకసారి, ఊరికే ఒకసారి వెనక్కి వచ్చాను. నీ ఉత్తరం జాకెట్లో పెట్టుకుని నాలుగోసారి లోపలికే వెళ్లి, ఆయన్ను ల్యాబుకు పిలుచుకొచ్చి నాలుగో నంబరు పెట్టాను.

"సార్, ఇందులో గీతల నాళం ఒక్కటి చూపించండి" అన్నాను. కళ్లజోడు పైకి తోశారు. చూశారు. స్లైడు జరిపారు. మళ్లీ చూశారు. నేను నోరు మూసుకున్నాను. అక్కా, నా జన్మలో అంతసేపు మూసుకోలేదు. కుళాయి చుక్కలు లెక్కపెట్టాను, రెండు వందల పన్నెండు.

ఆయన తల ఎత్తకుండానే "ఎన్ని కాగితాల్లో క్లోమం అని ఉంది?" అన్నారు.

"ఒక్కటే సార్."

"కొట్టేశావా?"

"కొట్టేశాను. మీరు చెప్పారని కాదు, నేనే సరిగ్గా చూడలేదు."

"నేనూ చూడలేదులే. ఒక్క నిమిషం చూస్తే చూసినట్టా?" అని కళ్లజోడు తుడుచుకున్నారు. తరవాత ఆ కాగితం తెప్పించి నా ఎర్రగీత పక్కన మార్కు వేసి సంతకం చేశారు. అయిదు! మిగతావాళ్ల మార్కులు తీసేద్దామా అని అడిగాను. "మనమే తప్పిన చోట వాళ్లను తప్పించే ముఖం మనకుందా?" అన్నారు. నేను వెళ్లబోతుంటే "నీ ఉద్యోగం కాగితం మీద ఇంకో ఆరు నెలలు పరిశీలన అని రాస్తున్నా. అర్థమైందా?" అన్నారు. అయింది. బాధగానే ఉంది. కానీ ఆ రోజు అన్నం సహించింది.

మూడోసారమ్మాయికి నేనే చెప్పాను. ఆమె నవ్వలేదు, ఏడవలేదు, స్టూలు మీద కూర్చుండిపోయింది. "మధ్యలో చూడాలని నీకెవరు చెప్పారు? నేను చెప్పలేదే" అన్నాను.

"ఎవరూ చెప్పలేదు మేడమ్. ఇక్కడి పాత స్లైడ్లలో అందరూ దీవి దీవి అంటారు, నాకు ఎన్నడూ దొరకలేదు. రెండుసార్లు అందుకే తప్పాను. ఇక దీవి నాకు కనబడదులే అనుకుని, గుత్తుల్లోనే ఏదైనా తేడా ఉందా అని చూస్తూ కూర్చున్నా" అంది. ఆగి, "మేడమ్, నిజంగా దీవి ఎలా ఉంటుంది?" అని అడిగింది.

పిండి పళ్లెం గీసి చూపించబోయాను. చెయ్యి ఆగిపోయింది. ఏం చెప్పాలి అక్కా? వెలిసిపోయిన గాజు తప్ప చూపించడానికి ఇక్కడ ఏమీ లేదు.

నీ పిచ్చుక


మార్చి 13

పిచ్చుకకు,

అక్క ఆశీస్సులు. నీ ఉత్తరం మీ బావ పైకి చదివారు. రెండు వందల పన్నెండు చుక్కల దగ్గర ఆయన నమ్మలేదు. నేను నమ్మాను.

పాత దిమ్మ అయిపోయిన రోజున, కత్తి కింద రిబ్బనులా వచ్చిన చివరి పొర నుంచి ఒక స్లైడు చేసి దాచాను. మైనం మిగలలేదు, ముక్క మిగలలేదు, అదొక్కటే మిగిలింది. ఇరవై రెండేళ్లు ఎంతమందికి చదువు చెప్పిందో ఆ మనిషికి తెలియదు. పేరు నాకూ తెలియదు. నంబరుతోనే ప్రార్థన చేశాను. ఆ స్లైడులో నడి భాగాన పెద్ద దీవి ఒకటి ఉంది. నా రిటైర్మెంటు రోజున నీకు ఇద్దామనుకున్నాను.

ఈ పార్సిలులో అదే ఉంది. ఆ అమ్మాయికి ఇవ్వు. ముందుగా ఏమీ చెప్పకు. మైక్రోస్కోపు కింద పెట్టి పక్కకు జరుగు. ఆమె పేరు నాకు రాసి పంపు. మూడోసారి అని ఇక ఎవరినీ పిలవనివ్వకు.

మా గదిలో నా బల్ల ఖాళీ చేశాను. కత్తి నూనె రాసి ఒరలో పెట్టాను. కళ్లకు ఏప్రిల్ 9న తేదీ ఇచ్చారు. ఒక కన్ను ముందు, రెండోది నెల తరవాత.

నాలుగో నంబరులో ఒకటి నాకు వెనక్కి పంపు. దూదిలో చుట్టు. కట్టు విప్పాక మా ల్యాబుకు వెళ్లి చూస్తాను. కోసింది నేనే గాని, అది ఎలా ఉంటుందో నేనింకా చూడలేదు.

అక్క